ముందు టేపు తీయండి: దుకాణానికి సరిపోయే ఎల్‌ఈడీ స్క్రీను ఎంచుకోవడం ఎలా

"పీ5 తీసుకోమంటారా, పీ10 తీసుకోమంటారా అండీ?" విజయవాడ వన్‌టౌన్ నుంచి ఫోను వచ్చినా, గుంటూరు బ్రాడీపేట నుంచి వచ్చినా ప్రశ్న ఇదే. అడిగేవారి చేతిలో అప్పటికే మూడు కొటేషన్లు ఉంటాయి, మూడింటిలోనూ చదరపు అడుగు ధర వేరు వేరు. ఏది చవకో చూడగానే తెలుస్తుంది. ఏది తమకు పనికొస్తుందో మాత్రం తెలియదు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: "మీ స్క్రీనును ఎవరు, ఎక్కడ నిలబడి చూస్తారు?" అక్కడ మాట ఆగిపోతుంది. ఎంత పెద్దది కావాలో అందరూ చెబుతారు, ఎంత దూరం నుంచి చూడాలో ఎవరూ కొలిచి ఉండరు.

బోర్డుల పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, ఆ దూరం తేలితే సగం ఎంపిక అయిపోయినట్లే. మిగతా సగం ఎండ, గాలి, కరెంటు, రిపేరు.

చేతిలో ఉండాల్సినవి

- 30 మీటర్ల టేపు. తాపీమేస్త్రిని అడిగితే ఇస్తాడు.
- వీడియో తీయగల ఫోను.
- స్క్రీను పెట్టే గోడ ఫొటోలు రెండు: మధ్యాహ్నం మూడింటికి ఒకటి, రాత్రి ఎనిమిదింటికి ఒకటి.
- కరెంటు బిల్లు. అందులో మీకు మంజూరైన లోడు ఎంతో చూడాలి.
- మీ దుకాణం పేరు తెలుగులో రాసిన బొమ్మ, పెన్‌డ్రైవులో. ఇది ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.
- భవనం మీది కాకపోతే యజమాని రాతపూర్వక అంగీకారం.

ఇంకో మాట. "ఎల్‌ఈడీ టీవీ" అని ఇంట్లో గోడకు పెట్టుకునేది నిజానికి ఎల్‌సీడీ తెర, దాని వెనక వెలిగే దీపాలు మాత్రమే ఎల్‌ఈడీలు. మనం మాట్లాడుకునే స్క్రీనులో ప్రతి చుక్కా స్వయంగా వెలిగే ఎల్‌ఈడీయే. కౌంటరు వెనక ఆరడుగుల వెడల్పు చాలనుకుంటే రోజంతా నడిచే కమర్షియల్ ఎల్‌సీడీ తెర ఒకటి కొనుక్కోండి. ఖర్చు తక్కువ, బొమ్మ నునుపు. నాలుగైదు ఎల్‌సీడీ తెరలు పక్కపక్కన పేర్చే వీడియో వాల్ కూడా ఉంది కానీ అతుకుల దగ్గర నల్లగీత కనబడుతుంది. నగల డిజైన్ల మీద ఆ గీత పడితే అందం పోతుంది. ఎండ తగిలే చోట ఇవేవీ పనికిరావు.

1. దూరం కొలవండి

స్క్రీను వచ్చే చోటి నుంచి టేపు పట్టుకుని నడవండి. రెండు దూరాలు రాసుకోవాలి: అతి దగ్గరగా చూసేవారిది, ఎక్కువమంది చూసేది. బీసెంట్ రోడ్డులో దుకాణం అయితే జనం గుమ్మం ముందే నడుస్తారు, దగ్గరి దూరం నాలుగైదు మీటర్లకు మించదు. బందరు రోడ్డు మీద మూడో అంతస్తు గోడ అయితే అవతలి వైపు నుంచి చూసేవారికి 40 మీటర్లు ఉండవచ్చు.

బెంజి సర్కిల్ వైపు పెట్టేవారు తప్పకుండా ఫ్లైఓవర్ మీదికి వెళ్లి ఒకసారి చూసి రండి. జాతీయ రహదారి మీద పోయే బండ్లలో చాలా భాగం ఇప్పుడు పైనుంచే వెళ్తాయి. కింద నుంచి చక్కగా కనిపించే గోడ పైవారికి పిట్టగోడ చాటున పడిపోవచ్చు.

సాధారణ పొరపాటు: దుకాణదారు తన కుర్చీ నుంచో, స్క్రీను అమ్మేవాడి షోరూములో రెండు మీటర్ల దూరం నుంచో చూసి నిర్ణయించడం.

2. దూరానికి తగిన పిచ్ తేల్చండి

పీ పక్కన ఉన్న అంకె రెండు చుక్కల నడుమ ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయో చెబుతుంది, ఆ ఎడమనే పిచ్ అంటారు. పీ10లో 10 మి.మీ., పీ5లో 5 మి.మీ. అంకె తగ్గేకొద్దీ బొమ్మ చిక్కబడుతుంది, ధరా పెరుగుతుంది. లెక్క సులువు: పిచ్ ఎన్ని మిల్లీమీటర్లో కనీసం అన్ని మీటర్ల దూరం ఉండాలి. హాయిగా చూడాలంటే దానికి రెండింతలు. పీ10ని నాలుగు మీటర్ల నుంచి చూస్తే మనిషి ముఖం కాదు, ఆరబోసిన మిరపకాయల కళ్లం కనిపిస్తుంది.

మన ఊళ్ల కొలతలకు నేను సూచించేవి ఇవి. షోరూము లోపల, రెండు మూడు మీటర్ల నుంచి చూసే చోట పీ2 లేదా పీ2.5. కల్యాణమండపం వేదిక వెనక పీ3, ముందు వరుస మరీ దగ్గరగా ఉంటే పీ2.5. బ్రాడీపేట, అరండల్‌పేట లాంటి వీధుల్లో ఎదురుగా ఎనిమిది పది మీటర్ల నుంచి చూసే ముఖద్వారానికి పీ4 లేదా పీ5. పెద్ద కూడళ్లలో ఎత్తున పెట్టే ప్రకటనలకు పీ8, పీ10 ధారాళంగా సరిపోతాయి. అక్కడ పీ4 పెట్టడం దూరపు కొండకు నగిషీ చెక్కించడమే, ఆ ఖర్చు ఎవరి కంటికీ ఆనదు.

ఆఫర్లు, ధరలు మాత్రమే పరిగెత్తించాలంటే ఒకే రంగు పీ10 స్క్రోలింగ్ బోర్డు చాలు. చిన్న క్లినిక్కు, మందుల దుకాణానికి, ఎరువుల షాపుకు అదే మంచిది. పక్కవాడు రంగుల స్క్రీను పెట్టాడని మీరూ పెట్టనక్కర్లేదు.

3. తెలుగు అక్షరంతో పరీక్షించండి

ఈ మెట్టును దాటేసేవారే ఎక్కువ. తర్వాత బాధపడేవారూ వాళ్లే.

కంపెనీలు చూపించే నమూనాల్లో ఎప్పుడూ ఇంగ్లీషు అక్షరాలో, చిలుకలో, జలపాతాలో ఉంటాయి. ఇంగ్లీషు పెద్దక్షరం ఏడు చుక్కల ఎత్తులో కూడా చదవొచ్చు. తెలుగు అలా కాదు. "వస్త్రాలయం" అన్న మాట తీసుకోండి. స మీద దీర్ఘం, కింద త ఒత్తు, పక్కన క్రారవడి. "శ్రీలక్ష్మి" ఇంకా కష్టం. పైన గుడి, నడుమ అక్షరం, కింద ఒత్తు కలిపి మూడు అంతస్తుల మేడ. 16 చుక్కల ఎత్తున్న స్క్రోలింగ్ బోర్డులో ఆ మేడను ఇరికిస్తే ఒత్తులు ముద్దగా మారి క్ష ఏదో, క్క ఏదో పోల్చుకోలేము. నా అనుభవంలో తెలుగు పంక్తికి కనీసం 32 చుక్కల ఎత్తు కావాలి. అంటే పీ10లో ఒక్క పంక్తికే 32 సెంటీమీటర్లు. పీ5లో 16 సెంటీమీటర్లలోనే ఆ 32 వరుసలూ వస్తాయి.

అక్షరం దూరానికి ఆనాలి కూడా. బోర్డులు రాసేవారి పాత లెక్క ప్రకారం పది అడుగుల దూరానికి అంగుళం అక్షరం. తెలుగుకు నేను ఒకటిన్నర అంగుళం వేస్తాను. వంద అడుగుల నుంచి చదవాలంటే పదిహేను అంగుళాల అక్షరం అన్నమాట.

పరీక్ష ఇలా చేయండి. మీ పెన్‌డ్రైవు ఇచ్చి, మీరు కొనబోయే పిచ్ మీదే మీ దుకాణం పేరు వేయించండి. ఒకటో మెట్టులో కొలిచిన దూరానికి నడిచి వెనక్కి తిరిగి చూడండి. మీకు ఆ పేరు కంఠతా వచ్చు, కాబట్టి మీ కన్ను మిమ్మల్నే మోసం చేస్తుంది. తెలియని మనిషిని పిలిచి చదివించండి.

జాగ్రత్త: చవక స్క్రోలింగ్ బోర్డుల సాఫ్ట్‌వేరులో నేరుగా తెలుగు టైపు చేస్తే గుణింతాలు, ఒత్తులు విడిపోయి కనబడుతుంటాయి. ప్రత్యామ్నాయం తేలిక. డీటీపీ చేసేవారి దగ్గర మందమైన తెలుగు ఫాంటుతో టైపు చేయించి, బొమ్మగా మార్చి ఎక్కించండి. సన్నగీతల ఫాంటు వద్దు.

4. కొలతను మాడ్యూళ్లలోకి మార్చండి

స్క్రీను బట్టలా మీటరు చొప్పున కత్తిరించేది కాదు, మాడ్యూళ్లనే చిన్న ఎల్‌ఈడీ పలకలను ఇటుకల్లా పేర్చేది. బయట వాడే మాడ్యూల్ ఎక్కువగా 320 మి.మీ. వెడల్పు, 160 మి.మీ. ఎత్తు ఉంటుంది. వాటిని బిగించే ఇనుప క్యాబినెట్ తరచూ 960 × 960 మి.మీ.

ఉదాహరణకు గుంటూరులో పదమూడు అడుగుల ముఖద్వారం ఉన్న బట్టల దుకాణం. వెడల్పున నాలుగు, ఎత్తున రెండు క్యాబినెట్లు పెడితే 3.84 × 1.92 మీటర్లు, అంటే సుమారు 79 చదరపు అడుగులు. ఒక్కో క్యాబినెట్‌లో 18 చొప్పున మొత్తం 144 మాడ్యూళ్లు. ఇదే కొలతలో పీ10 అయితే 384 × 192 చుక్కలు, పీ5 అయితే 768 × 384. పిచ్ సగమైతే చుక్కలు నాలుగింతలు అవుతాయి. ధరలో తేడా ఎందుకో ఇక్కడే తెలుస్తుంది.

ఈ స్క్రీను రెండుకు ఒకటి నిష్పత్తిలో ఉంది. మామూలు వీడియోలు పదహారుకు తొమ్మిదిలో ఉంటాయి. అలాగే వేస్తే మనుషులు సాగి లావెక్కుతారు. మీ వీడియోలు చేసే కుర్రాడికి చుక్కల లెక్క ముందే రాసి ఇవ్వండి.

5. ఎండ ఎంతో చూడండి

స్క్రీను వెలుగును నిట్లలో కొలుస్తారు. లోపలి స్క్రీనుకు 600 నుంచి 1000 నిట్ల కాంతి చాలు. బయట ఎండ పడే గోడకు 5000 నిట్లు, ఆ పైన ఉండాలి. వానకు ముందువైపు ఐపీ65 రక్షణ (దుమ్మును, చిమ్మే నీళ్లను ఆపే స్థాయి) తప్పనిసరి. లోపలి మాడ్యూలు ధర తక్కువని దాన్నే పైకప్పు వేసి బయట పెట్టించినవారు ఉన్నారు. మధ్యాహ్నం నల్లపలక, మొదటి జల్లుకు మూగనోము.

పడమటి గోడైతే మరింత జాగ్రత్త. బెజవాడలో మే నెలలో 45 డిగ్రీలు కొత్త కాదు. ఆ ఎండలో ఇనుప పెట్టె లోపల ఎంత కాగుతుందో ఊహించుకోండి. వెనక గాలి ఆడే ఖాళీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఉండాలి. "లక్ష గంటలు వెలుగుతుంది" అనే మాటను ఈ ఎండలో నమ్మకండి. మిర్చి యార్డు పరిసరాల్లో ఫ్యాన్ల జాలీలకు ఎర్రటి దుమ్ము పట్టేస్తుంది, సీజనులో తరచూ తుడిపించాలి.

అద్దం వెనక నుంచి రోడ్డుకు కనిపించాలంటే ఈ రెండూ సరిపోవు. లోపలిది వెలవెలబోతుంది, బయటిది అద్దం వెనక ఉడికిపోతుంది. సుమారు 2500 నుంచి 3500 నిట్ల మధ్యరకం అడగండి. దుకాణంలోకి వెలుతురు రావాలనుకుంటే పారదర్శక స్క్రీను ఉంది. అయితే దాని మీద చిన్న అక్షరాలు చదవడం కష్టం.

ఎత్తున పెడితే కింద నిలబడ్డవారికి వెలుగు తగ్గుతుంది. స్క్రీనును నాలుగైదు డిగ్రీలు ముందుకు వంచి బిగించమనండి.

6. గాలి లెక్క వెల్డరుకు వదలకండి

మన దేశపు నిర్మాణ ప్రమాణం ఐఎస్ 875లో విజయవాడకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. తుపాను దారిలో ఉన్న ఊరు కదా. ఆ వేగానికి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. మన ఉదాహరణలోని 7.4 చదరపు మీటర్ల స్క్రీను మీద అది 1100 కిలోలు దాటుతుంది. క్యాబినెట్ల సొంత బరువు మరో మూడు నాలుగు వందల కిలోలు. "యాంగిల్స్ గట్టిగానే వేశానండీ" అన్న వెల్డరు మాట ఇక్కడ చాలదు. స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం చేసిన డ్రాయింగు తీసుకోండి. పిట్టగోడకు, ఒంటి ఇటుక గోడకు బిగించనివ్వకండి. పిల్లర్లకో, బీములకో బిగించాలి.

కార్పొరేషన్ టౌన్‌ప్లానింగ్ విభాగం అనుమతికీ ఆ డ్రాయింగు పనికొస్తుంది. అనుమతి రాకముందే అడ్వాన్సు ఇవ్వకండి.

7. రిపేరు ఎటువైపు నుంచో అడగండి

ఈ ఒక్క ప్రశ్న అడగనివారు నాకు ఏడాది పొడవునా కనిపిస్తూనే ఉంటారు. వెనక తలుపు తెరిచే క్యాబినెట్లను గోడకు ఆనించి బిగించేస్తారు. ఆరు నెలలకు ఒక ఎస్‌ఎంపీఎస్ (మాడ్యూళ్లకు కరెంటు అందించే పవర్ సప్లై) పోతుంది. దాన్ని మార్చడానికి క్రేను తెచ్చి పెట్టెలన్నీ దించాలి. వెనక మనిషి నడిచే రెండడుగుల చోటు ఉంటే వెనక నుంచి రిపేరు చేసే రకం తీసుకోండి, ధర తక్కువ. చోటు లేకపోతే ముందు నుంచి మాడ్యూలు ఊడి వచ్చే రకమే గతి, ధర కాస్త ఎక్కువైనా సరే.

8. కరెంటు లెక్క వేయండి

బయటి స్క్రీను పూర్తి తెలుపు వెలిగినప్పుడు చదరపు మీటరుకు సుమారు 700 వాట్లు పట్టుకోండి. మన ఉదాహరణకు 5 కిలోవాట్ల పైచిలుకు. మామూలు వీడియోలు నడిచేటప్పుడు అందులో మూడో వంతు. రోజుకు పన్నెండు గంటలు నడిపితే 20 యూనిట్లు, నెలకు 600. ఇది మీ బిల్లుకు అదనం. మంజూరైన లోడు చాలకపోతే మన కరెంటు పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్‌కు అదనపు లోడు కోసం ముందే దరఖాస్తు పెట్టండి.

స్క్రీనుకు విడిగా ఎర్తింగు, విడి ఎంసీబీ, లీకేజీ వస్తే ఆపేసే ఆర్‌సీసీబీ, పిడుగుల కాలానికి సర్జ్ ప్రొటెక్టర్ ఉండాలి. తడిసే ఇనుము జనం తలల మీద ఉంటుంది, ఇక్కడ పొదుపు వద్దు.

క్యాబినెట్ తెరిపించి ఎస్‌ఎంపీఎస్‌లు లెక్కపెట్టండి. 18 మాడ్యూళ్ల పెట్టెకు 650 వాట్ల దాకా కావాలి. 200 వాట్లవి మూడే ఉంటే 600 వద్దే ఆగిపోయింది, అంటే కక్కుర్తి పడ్డారు. నాలుగుంటే పరవాలేదు, అయిదుంటే నిశ్చింత.

9. కొటేషన్లను ఒకే కొలతకు తెచ్చి పోల్చండి

ఒకరు మాడ్యూళ్లకే ధర వేస్తారు, ఇంకొకరు ఇనుము, కంట్రోలరు, బిగింపు, జీఎస్టీ అన్నీ కలిపి వేస్తారు. ఈ కింది వివరాలు ప్రతివారి దగ్గరా కాగితం మీద తీసుకోండి: పిచ్, నిట్లు, ఎల్‌ఈడీ ఏ కంపెనీది, కంట్రోలరు (బొమ్మను స్క్రీనుకు పంపే పెట్టె), రిసీవింగ్ కార్డు (దాన్ని క్యాబినెట్‌లో అందుకునే కార్డు) ఏ కంపెనీవి, రిఫ్రెష్ రేటు (బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు తాజా అవుతుందో), ఐపీ రేటింగు ముందూ వెనకా, విడిభాగాలు ఎన్ని, వారంటీలో మనిషి వచ్చే ఖర్చు కలిసిందా లేదా. నోవాస్టార్, కలర్‌లైట్, హుయిడు లాంటి కంట్రోలర్లు మన దగ్గర తెలిసినవాళ్లు ఉన్నవే. పేరు తెలియని కంట్రోలరు పెడితే రేపు దాన్ని సరిచేసే మనిషి కోసం వెతుక్కోవాలి. వేదికల మీద, కెమెరాలు ఉండే చోట 3840 హెర్ట్జ్ రిఫ్రెష్ రేటు అడగండి. 1920 అయితే పెళ్లి వీడియోలో స్క్రీను మీద నల్లచారలు పారుతుంటాయి.

విడి మాడ్యూళ్లు అదే బ్యాచ్‌వి ఉండాలి. మొదట్లో నేనే చేసిన పొరపాటు ఇది. అప్పటికి విడివి ఉంచుకోలేదు. ఒక మాడ్యూలు పోతే అదే కంపెనీ, అదే పిచ్ అని కొత్తది తెప్పించి స్క్రీను నడుమ బిగించాను. వేరే బ్యాచ్ కావడంతో తెలుపులో నీలిఛాయ కొట్టింది. పెళ్లికూతురి చీర ప్రకటనలో సరిగ్గా బుగ్గ మీద దిష్టిచుక్కలా కూర్చుంది. ఇప్పుడు నూటికి అయిదు చొప్పున విడివి ముందే రాయించుకుంటాను. 144 మాడ్యూళ్లకు ఏడు. వాటితో పాటు రెండు ఎస్‌ఎంపీఎస్‌లు, ఒక రిసీవింగ్ కార్డు, కొన్ని రిబ్బన్ కేబుళ్లు.

10. చివరి విడత ఇచ్చే ముందు పరీక్షించండి

బిగించిన రోజే డబ్బు అడుగుతారు. కనీసం పది శాతం మూడు రోజుల తర్వాత ఇస్తానని ముందే ఒప్పందంలో రాయించండి. ఆ మూడు రోజుల్లో చూడాల్సినవి:

- ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు ఒక్కొక్కటీ స్క్రీను నిండా పదేసి నిమిషాలు వేయించండి. వెలగని చుక్కలు, ఆరిపోని చుక్కలు అప్పుడే బయటపడతాయి. ఫొటో తీసి సున్నా చుట్టండి.
- తెలుపు వేసినప్పుడు ఏదైనా మూల ఎర్రబారిందా? అక్కడికి కరెంటు చాలడం లేదని అర్థం. వోల్టేజీ తగ్గితే నీలం, ఆకుపచ్చ ముందు మసకబారతాయి, ఎరుపు నిలుస్తుంది.
- పక్కకు జరిగి ఏటవాలుగా చూడండి. మాడ్యూళ్ల మధ్య తెల్లగీతలో, నల్లగీతలో కనిపిస్తే సమంగా బిగించలేదు.
- కాంతిని ఇరవై శాతానికి తగ్గించి బూడిదరంగు వేయించండి. చవక రకాలు ఇక్కడ దొరికిపోతాయి, గులాబీ మచ్చలు తేలతాయి.
- ఫోనుతో వీడియో తీయండి. చారలు చూడండి.
- బయటిదైతే గార్డెన్ పైపుతో పావుగంట నీళ్లు చిమ్మించండి. ముందే చెప్పి, కరెంటు ఆపించి చేయాలి. తర్వాత వెనక తలుపు తెరిచి చేత్తో తడిమి చూడండి.
- మెయిన్ ఆపి మళ్లీ వేయండి. ఎవరూ ముట్టుకోకుండా మీ ప్రకటన దానంతట అదే మొదలవ్వాలి. రోజూ ఆ పని చేసేది మీ వాచ్‌మనే.
- రాత్రి ఎనిమిదింటికి రోడ్డు అవతలికి వెళ్లి చూడండి. పగటి కాంతితోనే వెలుగుతుంటే ఎదురింటివారు నిద్రపోలేరు, బండి నడిపేవారి కళ్లు చెదురుతాయి. లైట్ సెన్సరు లేకపోతే టైమరు పెట్టించి రాత్రికి ఇరవై, ముప్పై శాతానికి దించండి.

ప్రకటన నిడివినీ ఆ రాత్రే సరిచూసుకోండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి 60 మీటర్లు దాటడానికి అయిదారు సెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో నాలుగైదు మాటలకు మించి ఎవరూ చదవరు. ఫోను నెంబరు, చిరునామా, పండుగ శుభాకాంక్షలు, యజమాని ఫొటో అన్నీ ఒకే తెర మీద కుక్కితే ఏదీ మిగలదు.

విడి మాడ్యూళ్ల పెట్టె మీద బ్యాచ్ నెంబరు, తేదీ మార్కరుతో రాసి, తేమ తగలని బీరువాలో పైఅరలో పెట్టండి. కంట్రోలరు పాస్‌వర్డు, సెట్టింగుల ఫైలు ఒక పెన్‌డ్రైవులోకి తీసుకుని ఆ పెట్టెలోనే వేయండి. బిగించినవాళ్లు ఊరు మారినా, ఫోను ఎత్తకపోయినా, అవి ఉంటే ఇంకొకరు వచ్చి గంటలో పని ముగిస్తారు.